పేరు లేని డబ్బా

పలాస నుంచి కాగితం వచ్చింది:
సామాజిక భావోద్వేగ అభ్యసనం.
చదివేసరికే నాలుక అలిసిపోయింది.
మా బడికి అంత పెద్ద మాట పట్టదు.
రెండు గదులు, ఒక వరండా,
వాన పడితే ఒకటే గది.

అందుకని నాలుగు పాలపొడి డబ్బాలు కడిగి పెట్టాను.
ఒకదాని మీద నవ్వు మొహం, ఒకదాని మీద కోపం,
ఒకదాని మీద భయం.
నాలుగోదానికి ఏం గియ్యాలో తోచక వదిలేశాను.
పొద్దున్నే వచ్చిన ప్రతి గుంటడూ గుంటా
జేబులోంచి ఒక జీడి పిక్క తీసి
మనసు ఎలా ఉంటే ఆ డబ్బాలో వెయ్యాలి.
ఉద్దానంలో పిక్కలకేం కరువు?

మొదటి వారం అందరూ నవ్వులోనే వేశారు.
ఇన్‌స్పెక్షన్ అనుకున్నారు, పాపం.
తర్వాత మంగళ, శుక్రవారాల్లో
మోహిని పిక్క భయంలో పడేది.
వాళ్ళ నాన్నకి రక్తం కడిగించే రోజులవి,
నాకు నెలయ్యాక తెలిసింది.
తామాడ ఢిల్లేశు మాత్రం రోజూ
పేరు లేని డబ్బా దగ్గరే ఆగేవాడు.
"ఏట్రా అది?" అంటే
"ఏటో, మేడం."

ఓ రోజు ఇంటర్‌వెల్లో కామేశు ముక్కు పగిలింది.
కొట్టింది ఢిల్లేశు.
"మాయమ్మ సేతులు బొగ్గులన్నాడు."
అంతే, ఇంకేం చెప్పలేదు.
సారీ చెప్పించాను. ఆ సారీ
ఏ డబ్బాలోనూ పడక నేల మీద దొర్లిపోయింది.

శనివారం తల్లుల సమావేశం.
షామియానా సర్పంచి గారిది, మైకు అరువుది,
పులిహోర గున్నమ్మ చేసింది.
జీడి ఫ్యాక్టరీ వాళ్ళు సగంపూట వదిలారు,
సగం కూలీ కోసుకుని.
ఉపన్యాసాలు వద్దన్నాను.
గోడకి తెల్లగుడ్డ కట్టి, పళ్ళెంలో నీలం రంగు కలిపి
"ఒక్కో అమ్మా ఒక్కో చెయ్యి అద్దండి" అన్నాను.

ఎంత తెలివితక్కువ మాటో
చేతులన్నీ కొంగుల్లోకి పోయాక అర్థమైంది.
పదిహేనేళ్ళుగా పిక్క కొడుతున్న చేతులు.
జీడి రసం తినేసిన చేతులు.
పెళ్ళి భోజనాల్లో బంతి చివర
గోడవైపు తిరిగి తినే చేతులు.
మైకు గుర్రుమంది. ఎవరూ లేవలేదు.

ఢిల్లేశు లేచాడు.
వాళ్ళమ్మ దాలమ్మ కొంగులో చెయ్యి పెట్టి
కలుగులోంచి ఎండ్రకాయని లాగినట్టు
ఆమె చేతిని బయటికి లాగాడు.
"ఒరే వొగ్గు, నలుగురూ సూస్తన్నారు."
"సూడనీ."

గుడ్డ మీద చెయ్యి పడింది,
నీలంగా, నున్నగా,
ఒక్క గీతైనా లేకుండా.
"రేషన్ డిపో మిషనూ ఇదే అంటది" అంది దాలమ్మ,
"నాను నేనట."
లేను అనడానికి మా వైపు నేను అంటారు.
ఆ క్షణం నాకు రెండూ వినబడ్డాయి.

ముందు గున్నమ్మ నవ్వింది.
తర్వాత అందరూ,
కళ్ళు తుడుచుకునేదాకా.
తర్వాత తోసుకుంటూ వరస కట్టారు.

రంగు ఆరాక పిల్లలు పెన్సిళ్ళు తెచ్చారు.
నేను చెప్పలేదు.
అమ్మల అరచేతుల్లో గీతలు గీశారు.
మోహిని మహేంద్రతనయ ఏరు గీసింది, మధ్యలో చేపతో.
ఒకడు రైలు పట్టాలు, సిగ్నలుతో సహా.
ముక్కు మీద పెచ్చు ఇంకా ఊడని కామేశు
దాలమ్మ చిటికెన వేలికి గోరు పెడుతుంటే
వంకర పోయిందని తిట్టి
ఢిల్లేశు రబ్బరు ఇచ్చాడు.

సోమవారం హాజరు ముప్పై ఒకటి.
పిక్కలు ముప్పై.
మిగిలింది పిక్క కాదు,
తోలు తీసిన తెల్లటి గుండు పప్పు.
కొంగు దులిపించి గాని బయటికి పంపని
ఆ ఫ్యాక్టరీ గేటు ఎలా దాటిందో మరి,
పేరు లేని డబ్బాలో అడుగున ఉంది.
దాన్ని ఏ గడిలో రాయాలో
పలాస కాగితమంతా వెతికాను. లేదు.

మధ్యాహ్నం గంటకి డబ్బా ఖాళీ.
ఎవర్రా అని అడగలేదు.
వెనక బెంచీలో కామేశూ ఢిల్లేశూ
నోళ్ళు గట్టిగా మూసుకున్నారు,
దవడలు మాత్రం ఆడుతున్నాయి.